లస్కరు లంబోదరం, రెండో భాగం

మా నాన్న అద్దెపుస్తకాల బడ్డీలో
లంబోదరం రోజుకి పావలా.
అట్టలూడితే మైదాపిండి ఉడకేసి
అంటించింది నేనే,
కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త హక్కుంది.

పేరు లంబోదరం, మనిషి చీపురుపుల్ల.
కాలవగట్టున లాకుల కాడ లస్కరు.
చేతిలో చిల్లుగొడుగు, వెనకాల బాతు,
బాతు పేరు కలెక్టరు.
ఎవరొచ్చి ఏమడిగినా
లంబోదరం మాట్లాడడు.
ఒక గడిలో గొడుగు మూసి ఉంటుంది,
తరవాతి గడిలో తెరిచి ఉంటుంది,
అడిగినవాడు కాలవలో ఉంటాడు.
మధ్యన వేలెడు తెల్లకాగితం.
ఏం జరిగిందో ఆ తెలుపులో
మేమే చూసుకునేవాళ్ళం.
నవ్వు అక్కడ పుట్టేది.

సినిమా మొదటి భాగానికి సర్దుకుపోయాం.
అందులో బాతు అసలు బాతే,
హీరో చెప్పుమీద నిజంగానే రెట్టేసింది,
కత్తిరించకుండా ఉంచారు, సంతోషం.

రెండో భాగం పాలకొల్లులో, మ్యాట్నీ.
పక్కసీట్లో కొల్లాటి ఏసుపాదం గారు,
మార్టేరు లాకులమీద ముప్పైనాలుగేళ్ళు చేసిన
అసలు లస్కరు.
"ఆ బొమ్మ నన్ను చూసే గీసేరమ్మా" అని
చెప్పగా చెప్పగా
ఊళ్ళో కాదనేవాళ్ళు అలిసిపోయారు.
ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు.
పద్నాలుగో నంబరు పుస్తకం ఆయన తిరిగివ్వలేదు,
ఆ సంగతి ఇద్దరం ఎత్తుకోలేదు.

తెరమీద లంబోదరానికి కండలొచ్చాయి.
మాట్లాడుతున్నాడు.
అది జోకని చెప్పడానికి ఇంకొకడు మాట్లాడుతున్నాడు,
వాడి వెనక డప్పులు.
కలెక్టరు ఈసారి కంప్యూటర్లో పుట్టింది,
నీళ్ళలోంచి లేచినా తడవదు.
లాకులు పేల్చడానికి హెలికాప్టర్లో ఒకడు దిగాడు.
ఇద్దరు మనుషులు, ఒక ఇనపచక్రం,
అరగంట ఓపిక చాలు
ఆ తలుపు లేవడానికి,
వాడికి ఆ అరగంట లేదు.
సినిమాకీ లేదు.
వేలెడు తెలుపు కాదుగదా
గోరంత మిగల్చలేదు.

ఇంటర్వెల్లో పునుగులు తింటూ
ఏసుపాదం గారు చాలాసేపు ఆలోచించి
"ఈడెప్పుడూ గట్టుమీద నడవలేదమ్మా" అన్నారు.
"తడిగట్టు మీద బొటనేలు ముందు దిగాల.
ఈడు మడంతో నడుత్తున్నాడు."
నూటయాభై కోట్ల మీద ఆయన అభిప్రాయం అంతే.
పునుగుల పొట్లం మడిచి
జేబులో పెట్టుకున్నారు.

తరవాత, పాట మధ్యలో ఎక్కడో
మెషిన్ ఆగింది.
చప్పుడు పోయింది, బొమ్మ నిలిచిపోయింది.
గట్టుమీద ఒంటికాలెత్తి లంబోదరం,
గొడుగు సగం తెరిచి,
బాతు గాల్లో, ముక్కు తెరుచుకుని.
గడి.
మా బడ్డీలో గడి.

హాల్లో పాతికమంది కూడా ఉండం.
ముందు ఏసుపాదం గారు, కిసుక్కుమని.
తరవాత వెనకెవరో కుర్రాడు.
తరవాత నాకు తెలీదు,
పమిటతో కళ్ళు తుడుచుకుంటున్నాను.
ఒక్కరూ ఈల వెయ్యలేదు,
రీలు వెయ్యరా అని ఒక్కరూ అరవలేదు.
మూడు నిమిషాలు,
ఫ్యాన్లు తిరిగే చప్పుడులో
సినిమా చూశాం.

మళ్ళీ కదిలింది,
ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే,
వందమంది డాన్సర్లతో.

బస్సులో ఆయన నోరు మెదపలేదు.
మార్టేరులో దిగి
లాకుచక్రం మీద అలవాటుగా ఓ చెయ్యేసి
"పద్నాలుగో నంబరు నా కాడే ఉందమ్మా" అన్నారు.
"అందులో నా మొకం బాగా వచ్చింది."

నలభైరెండేళ్ళు, రోజుకి పావలా.
లెక్క వెయ్యబోయి ఊరుకున్నాను.

మధ్యాన్నం వానకి గట్టు ఇంకా తడిగా ఉంది.
ఇంటివేపు దిగుతున్నారు,
బొటనవేలు ముందు.