తెల్ల వెంట్రుకలు

ముందా జీను కిందికి దించు, సపరాలీ.
ఉత్త వెన్ను చూడనీ నన్ను.
టీ ఎక్కడికీ పోదు, పొయ్యి మీదే ఉంది.

ఇది మూపు. చెయ్యి పెట్టు.
చేతితొడుగు తీసి పెట్టవయ్యా,
అత్‌బాషీ చలి నీ ఒక్కడికే కాదు.
దీని వెనకే భుజపుటెముక. అడుగు వేసినప్పుడల్లా
తలుపులా వెనక్కి తెరుచుకుంటుంది.
ఆ తలుపుకి అడ్డంగా ఏదీ ఉండకూడదు.

మీ అన్న జీను మంచిది కాదని అనను.
బిర్చి కర్ర, ఒక్క మేకు లేదు,
పచ్చితోలు తొడిగి కుట్టాం,
ఎండుతూ ఎండుతూ తోలే కర్రని బిగించుకుంది.
చెక్కింది మా ఆయన. కుట్టింది నేను.
ముందు కొమ్ముకి ఆ వెండి రేకు
పెళ్లిళ్లలో ఎంతమంది తడిమి చూశారో!

కానీ అదంతా పై ముఖం, మనిషి కోసం.
దిండు, కుచ్చులు, ఎర్ర నమదా, వెనక గట్టు.
కింది ముఖం గుర్రానికే తెలుసు:
వెన్నుపూసకి అటొక పలక, ఇటొక పలక,
మధ్యలో గాలి ఆడే సందు.

ఇప్పుడు పెట్టు. భుజం మీద పెట్టి
వెంట్రుక వాలిన దిక్కుకి జరుపు.
వంగి చూడు. సందులో వెలుతురుందా?
ఉంది, మరీ పిడికెడు.
నీ ఆడగుర్రానిది రొట్టెలు చేసే బల్లంత వీపు,
ఇది బక్క గుర్రానికి చెక్కిన కర్ర.
కూర్చోలేదు, గోళ్లతో పట్టుకుని వేలాడుతోంది.
ముందు లేచింది, వెనక్కి ఒరిగింది.

తంగు బిగిస్తే చాలంటావు.
బిగుతుకీ కుదురుకీ తేడా తెలియని మగాళ్లు
మా గుమ్మంలో చాలామందే దిగారు.
సరే, బిగించు. మోచేతికి నాలుగు వేళ్ల వెనక.
చూశావా, ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బించింది!
కాసేపు మనం మంచు గురించి మాట్లాడుకుందాం.
అది మర్చిపోతుంది.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు.
జీను గట్టిదైతే ఎన్ని కాళ్ల మీద నడుస్తుందో
ఎవరూ అనరు.

మీ తోక్తోసున్ అన్న నల్ల గుర్రం గుర్తుందా?
మూపుకి అటూ ఇటూ రెండు తెల్ల మచ్చలు.
నక్షత్రాలని మురిసిపోయేవాడు,
సంతలో అందరికీ చూపించేవాడు.
పుట్టినప్పుడు లేవవి.
ఈ జీను నొక్కి నొక్కి కింద చర్మం చచ్చి
నల్ల వెంట్రుక తెల్లగా మొలిచింది.
మా ఆయన చూసి ఇంటికొచ్చి
రొట్టె ముట్టలేదు ఆ రాత్రి.
చెప్పలేదు. నేనూ చెప్పలేదు.
వెండికి డబ్బు ముందే తీసుకున్నాం మరి.

అలా చూడకు.
కొమ్ము మీది వెండి ఊడదీసి కొత్తదానికి వేస్తాను.
రికాబులూ అవే. మీ అన్న బూటు ఒరిసి
నున్నబడ్డ చోట నీ కాలు పెట్టుకో.
కర్ర మాత్రం వద్దు.
కర్ర పొయ్యిలోకి. నేనే వేస్తాను.

రెండు రాత్రులు దీన్ని నా దగ్గర ఉంచు.
సీసపు కడ్డీ వెన్ను మీద వంచి
ఆ వంపు కాగితం మీద దించుకుంటాను.
కాగితం మీద నీ పేరు రాయను, దాని పేరు రాస్తాను.
ఏమంటావే, కురెన్?

పది వారాలు. పచ్చితోలు తొందరపడదు.
తీసుకెళ్లాక కొండెక్కించి దించు, జీను తీసి చూడు.
చెమట అంతటా ఒక్కలా ఉంటే సరే.
తడి మధ్యలో పొడి మచ్చ, బొటనవేలంత ఉన్నా
ఆ రోజే వెనక్కి తీసుకురా,
పండగైనా, అర్ధరాత్రైనా.
ఈసారి దాచను.

నీకు కుదురుతుందా అనా?
నువ్వు ఎలాగోలా సర్దుకుంటావులే.

అదిగో, ఊపిరి వదిలింది.
ఇప్పుడు ఆ తంగు విప్పెయ్.