అనుభవదారు

గొలుసుకు వంద లింకులు.
గొలుసు పొడవు, గొలుసు వెడల్పు – పది సెంట్లు.
ఈ ఒక్క లెక్క నాకు వచ్చు.
చదువు ఐదులో ఆగిపోయింది గానీ
ఈ లెక్క పట్టుకునే ముప్ఫై మూడేళ్ళు
పాతపట్నం సర్వే ఆఫీసులో గొలుసు లాగాను.

నిన్న ఎర్రమెట్టవలస.
సర్వే నంబరు నూట పద్దెనిమిది బై రెండు,
రెండెకరాల పధ్నాలుగు సెంట్లు.
పట్టాదారు: ప్రభుత్వం.
అనుభవదారు: లేరు.

కాలువ తవ్వే రోజుల్లో అది ఇంజనీర్ల క్యాంపు.
కాలువ అయింది, ఇంజనీర్లు పోయారు,
రోడ్డు రోలరొకటి పోలేక ఉండిపోయింది.
దాని పొట్టలో ఇప్పుడు ఉడుం కాపరం.
పక్కనే హైస్కూలు, నడుమ ముళ్ళకంచె.
అటు మూడు వందల పదహారు మంది పిల్లలు,
ఇటు తుప్పు, తుమ్మ.
ఎనిమిదో తరగతి వరండాలో,
తొమ్మిది సైకిల్ స్టాండులో.
ఆటల పీరియడంటే
బంతి కంచె దాటేదాకానే.

ఫల్గుణరావు మాస్టారు అర్జీ పెట్టినప్పుడు
ఆయన మీసం నల్లగా ఉండేది.
ఫైలు శ్రీకాకుళం వెళ్ళింది, హైదరాబాదు వెళ్ళింది,
రాష్ట్రం రెండైతే దారి తప్పింది,
విజయవాడలో మళ్ళీ కొత్త నంబరుతో పుట్టింది.
నీటిపారుదల వాళ్ళు
‘భవిష్యత్తులో మాకు అవసరం’ అన్నారు.
భవిష్యత్తు ఏ తేదీనో రాయలేదు.
రిటైరయ్యాక కూడా మాస్టారు
నెలకోసారి బస్సెక్కి పోయి చూసొచ్చేవాడు,
ఆస్పత్రిలో పడున్న చుట్టాన్ని చూసినట్టు.

మొత్తానికి జీవో వచ్చింది.
ఉచితంగా, షరతులకు లోబడి,
విద్యావసరాలకు మాత్రమే.

రోవర్ మిషనుంది గానీ
నిన్న దానికి ఆకాశం అందలేదు.
గొలుసే పరిచాం.
నాలుగో రాయి పడేచోట
గోగు.
నిలువెత్తు నారగోగు.
సాళ్ళు చూస్తే తెలుస్తుంది,
ఎవరో వంగి వంగి కలుపు తీశారని.

తవిటమ్మ వచ్చింది.
చేతిలో కొడవలుంది, ఎత్తలేదు.
“ఏటి బాబూ, ఎందాకా మీది?”
“రోలరు అవతల దాకా.”
“అయితే నాదంతానూ.”
రోలరు నీడలో కూలబడింది.
“ఇరవయ్యేళ్ళ బట్టి ఏస్తన్నాను.
పట్టా అడిగితే బడి పక్కది, ఇవ్వకూడదన్నారు.
బడోలు అడిగితే సర్కారుదన్నారు.
ఎవలిదీ కాదు గావాలనుకొని
నాను దున్నుకున్నాను.”

సర్వేయరు గారు అటు తిరిగి నీళ్ళు తాగారు.
నా చెయ్యి ఊరుకోక లెక్కేసింది:
మూడు గొలుసుల పొడవు, గొలుసు వెడల్పు.
ముప్ఫై సెంట్లు.
“ఈ నార మీదే కదేటి దాని పుస్తకాలు”
అంటూ వరండా కేసి చూపించింది.
ఢిల్లేశ్వరి. ఎనిమిది ‘బి’. మనవరాలు.
ఆ పిల్ల మమ్మల్ని చూడ్డం లేదు.
స్తంభాన్నానుకుని,
ఎండ జరిగినకొద్దీ తనూ జరుగుతూ
నోట్సు దించుకుంటోంది.

ఎవరిది న్యాయమో నన్నడక్కండి.
ఐదులో నేనాగింది గది లేక కాదు,
మా అయ్యకు సెంటు భూమి లేక.

మాస్టారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా,
చంకలో మిఠాయి పొట్లం.
తవిటమ్మను చూసి పొట్లం విప్పలేదు.
“కోత అయ్యేదాకా ఆగుదామండి.”
“రికార్డు ఆగదు మాస్టారూ.”
“రికార్డు ఆగక్కర్లేదు. గునపం ఆగితే చాలు.”
పదమూడేళ్ళు ఆగినవాడు అడిగితే
రెండు నెలలు కాదనడానికి
సర్వేయరు గారికి నోరు రాలేదు.

రాయి మాత్రం పాతాం.
మొక్కల్ని పక్కకి వంచే పాతాం గానీ ఒకటి విరిగింది.
తవిటమ్మ దాన్ని తీసుకుని
గోటితో పీచు లాగి చూసింది.
“ఇంకా పచ్చిది” అంది,
మాతో కాదు.

సాయంత్రం ఆఫీసులో అడంగల్ దిద్దారు.
పట్టాదారు: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల.
అనుభవదారు: సదరు.
పాత ‘లేరు’ మీద ఎర్రసిరా గీత.
తవిటమ్మ పేరు కొట్టెయ్యాల్సిన
పని పడలేదు.