ఎడమచేతి కొలత

గాంధీరోడ్డులో కెమెరాల షాపు.
ఏసీ గాలికి మా అత్త దేశమ్మ
కొంగు భుజాల నిండా కప్పుకుంది.
గాజు అరలో ఐదు కెమెరాలు,
ఒక్కోటీ టిఫిన్ క్యారియర్లో పై గిన్నె అంత.

"ఇది జపాన్‌ది" అన్నాడు నౌషాద్.
"ఇదీ జపాన్‌దే, కానీ జూమ్ ఇరవై."
జూమ్ అనగానే మునిరత్నం వంగాడు.
రోడ్డు దాటి, లాడ్జి మేడెక్కి,
ఎవరో ఆరేసిన పంచె అంచు దాకా పోయి
అక్కడే ఉండిపోయాడు.

నేను కొర్లగుంటలో జాకెట్లు కుడతాను.
దేన్నైనా ముందు చేత్తోనే కొలుస్తాను.
మూడోది తీసి ఎడమచేతిలో పెట్టుకుంటే
పట్టీ అవతలి పక్కనుంది,
తెర తెరుచుకోవడానికి నా అరచెయ్యే అడ్డం,
ఎర్ర బటన్ బొటనవేలికి అందలేదు.
"ఎడమచేతోళ్ళకు లేదా?"
నౌషాద్ నవ్వలేదు. అందుకే ఆ షాపులో కొన్నాం.
ఐదూ తిప్పి చూశాడు,
లోపలికెళ్ళి ఆరోది కూడా తెచ్చాడు.
"ఎక్కడా లేదక్కా."

కత్తెరా అంతే.
ఇరవై రెండేళ్ళుగా కుడిచేతి కత్తెరను
ఎడమచేత్తో తిట్టుకుంటూ ఆడిస్తున్నాను.

పెళ్ళిళ్ళలో భుజాన మోసే పెద్ద కెమెరాకైతే
జనం పక్కకు తప్పుకుంటారు.
మాకెవరు తప్పుకుంటారు, గంగజాతరలో,
బుధవారం పొద్దున, తాతయ్యగుంట సందులో?
పిల్లోడికి ఒళ్ళంతా అమ్మ పోసినప్పుడు
అత్త మొక్కుకుంది: బైరాగి వేషం.
తొమ్మిదేళ్ళ జయంతు
నామకొమ్ము పూసుకుని, రెల్లకాయల దండేసుకుని,
నడుముల అడవిలో నడవాలి.

"తెలుపు తెల్లగానే పడుతుందా?"
"వైట్ బ్యాలెన్స్ ఉండాదక్కా."
"మర్నాడు బండవేషాలోళ్ళు తిట్టే తిట్లు
గూడా పడతాయా నైనా?" అత్త అడిగింది.
"మైకు స్టీరియో అవ్వా."
అత్త అప్పుడే కొనేసింది, మనసులో.

నౌషాద్ షాపు క్యాసెట్ వేసి నావైపు తిప్పాడు.
తర్వాత చూపించాడు.
తెరలో ఎవరో ఆవిడ,
మెడ మా అమ్మది, జడ నాది.
నోట్లో గుండుసూదులు లేకపోయినా
పెదాలు బిగించే ఉంచుకుంది.
నేను పనిలో లేనప్పుడు కూడా
పనిలోనే ఉంటానని నాకెవరూ చెప్పలేదు.

ఇంకా వెనక్కి తిప్పితే
మాకంటే ముందొచ్చిన వాళ్ళు:
నాలుక చాపిన పాప,
డబ్బులు లెక్కపెట్టే వేళ్ళు,
పలమనేరు యాసలో బేరం,
ఆపడం మర్చిపోయిన ఎవరి చేతిలోంచో
ఒక చెప్పు, చాలాసేపు ఆ చెప్పే.
మా పదిహేను సెకన్ల కింద
ఎవరి పదిహేను సెకన్లు చెరిగిపోయాయో.

మూడోదే అన్నాను.
కుడిచేతికి పట్టీ బిగించి ఇచ్చాడు నౌషాద్.
నా కుడిచేతికి సూది గుచ్చడం కూడా సరిగా రాదు,
జాతరంతా వణుకుతూ వస్తుంది, రానీ.
ఎడమచెయ్యి ఖాళీగా వేలాడుతుంటే
దాని పని గుర్తొచ్చింది:
ఆ జనంలో, సుద్ద తడి ఆరని చిన్న చెయ్యి
జారిపోకుండా పట్టుకోవడం.
నాకున్న గట్టి చెయ్యి అదొక్కటే.

బిల్లు రాస్తుంటే అన్నాను,
"బ్యాగు వద్దు. ఆ క్యాసెట్ ఇయ్యి."
"షాపుదక్కా, అరిగిపోయింది."
కెమెరా ఇక నా చేతిలోనే ఉంటుందనీ,
మా ఇంటి సినిమాలో నేనుండననీ,
మునిరత్నం చేతికిస్తే
ఆరేసిన పంచెలు తప్ప రావనీ
ఇదంతా షాపులో ఎట్లా చెప్పేది?
"బ్యాగు వద్దు" అని మళ్ళీ అన్నాను.

నౌషాద్ క్యాసెట్ బయటికి తీసి
మూలనున్న చిన్న మీటను గోటితో జరిపాడు.
"ఇంక దీనిమీద ఎవరూ తియ్యలేరు."
బ్యాగు కూడా ఇచ్చాడు.

ఆటోలో లీలామహల్ దాటేదాకా
అత్త ఏమీ మాట్లాడలేదు.
తర్వాత అడిగింది,
"ఎవరిది మే, ఆ చెప్పు?"