ఎడారిని ఊడ్చిన పొద్దు

సజ్జా క్యాంపు ఎదురుంగ కొత్త హోర్డింగ్ లేసింది.
ఇసుక దిబ్బ నెత్తిన తెల్ల కారు,
కింద అరబ్బీల ఏదో రాత.
"నాకు అడ్డే లేదంటుంది" చదివి చెప్పిండు షిబు,
చాయ్ ఊదుకుంట.
"అంత కంప్యూటర్ మాయ" అన్నడు పెషావర్ గుల్జమాన్.
"ఇసుక లేదు, కారే లేదు."

నేను నోరు మెదపలే.

ఇసుక ఉండె.
మలీహా దాటినంక, ఫిబ్రవరి చలిల, తెల్లారకముందు
ఆ దిబ్బను పొరకతోని ఊడ్చింది నేనే.
ఒంటె పెంటికలు, సీసా మూత, ఎవరివో అడుగులు.
ఊడ్చుకుంటనే ఎనకకు నడవాలె,
మన జాడ మనమే మాపుకోవాలె.
ఎడారి దుమ్ము సాలదని
బస్తాలల్ల దుమ్ము మోసుకపోయినం.

కారూ ఉండె.
సగం ఎక్కి కూలబడ్డది.
మెట్‌పల్లి లింబాద్రి పాత పికప్ తెచ్చి
తాడు గట్టి గుంజిండు.
ఎనక నుంచి ఆరుగురం భుజాలు పెట్టినం.
తాడును తుడిచేసిన్రు,
పికప్‌ను తుడిచేసిన్రు,
భుజాలను గూడ.

ఆఖరికి ఉండబట్టలేక చెప్పిన.
గుల్జమాన్‌కు నవ్వాగలేదు, చాయ్ ఒలికింది.
"ఎడారిని ఊడ్చినవా! కారు మాటే నయం
నీ మాట కన్న."

రాత్రి ఒక్కణ్ణే పోయి నిలబడ్డ.
ఎడమ టైరు పక్కన చిన్న గుంట.
మడిమె అరిగిన నా చెప్పుదే అనుకున్న.
చెప్పు ఇడిసి, పైకెత్తి పట్టి
ఒక కన్ను మూసి చూసిన.
సరిపోయినట్టే ఉంది.
నీడ గూడ కావచ్చు.