ఇరవై గోళ్ళు

ఆర్సెనిక్ నీళ్ళలో కంటికి కనబడదు,
గోళ్ళలో దాక్కుంటుందన్నారు ఆస్పత్రివాళ్ళు.
అందుకని ఈ ఎండాకాలమంతా నా పని
మే సాన్ ఒడ్డున ఇల్లిల్లూ తిరిగి
చేతి గోళ్ళు కత్తిరించడం.

ఒక కాయితం కవరు, ఒక పేరు, ఒక వయసు.
ఎన్నేళ్ళుగా ఈ నీళ్ళు తాగుతున్నారు?
వారానికెన్నిసార్లు చేప తింటారు?
"తినేవాళ్ళం" అని దిద్దుతాడు తోంగ్‌ఇన్,
ఎండిన వలని పిల్లకి ఉయ్యాలగా కట్టేసినవాడు.
చివరిసారి పడ్డ చేపకి మూతి చుట్టూ ఎర్రటి పుళ్ళు.
పారేయడానికి మనసొప్పక
పొద్దుగూకేదాకా బకెట్లో ఉంచుకుని చూశాడట.

మా దగ్గర నది పేరుకి ముందు మే అంటారు.
మే అంటే అమ్మ.
ఈమధ్య పిల్లల్ని కేకలేసేటప్పుడు ఆ మాట మింగేస్తున్నారు:
సాన్‌లో దిగొద్దు, సాన్‌లో కూర కడగొద్దు.

పోయిన నెల బళ్ళో మీటింగు.
"పరిమితికి కొంచెం మించి" అన్నాడు ఆఫీసరు మైకులో.
వెనకనుంచి ఒక బాలింత లేచి
"కొంచెం అంటే ఎన్ని చెంచాలు?" అనడిగింది.
మైకు కాసేపు కుయ్యిమంది.
అవతలి దేశంతో మాట్లాడుతున్నాం అన్నాడాయన.
కొండకో సైన్యం ఉన్నచోట ఎవరితో మాట్లాడుతున్నారని
ఎవరూ అడగలేదు.

బువాఖమ్ అవ్వ గోళ్ళు మొండివి,
నానబెడితేగానీ తెగవు.
గిన్నెతో నీళ్ళు తెచ్చింది. నదివే.
ఇద్దరం గిన్నెవంక చూసి ఊరుకున్నాం.
వెళ్ళి సీసా కొనుక్కొచ్చాను, పది బాత్‌లు.

అప్పుడొచ్చింది ఆవిడ చెల్లెలు నాంగ్ మో,
వంతెన దాటి, ఒక్కరోజు చీటీతో,
అరిచేతుల్లో లేచిన గరుకు బొడిపెలకి మందు కోసం.
ఆవిడ ఊరు ఎగువన, గనికి కూతవేటు.
కొండకి గొట్టాలు గుచ్చి మందునీళ్ళు ఎక్కిస్తారట,
కొండ కరిగి టార్పాలిన్ గుంటల్లోకి దిగుతుందట.
దాంతో ఏం చేస్తారని అడిగా.
"నీ చేతిలోదాన్లో కూడా ఉంటుందంటాడు మావాడు."
నా చేతిలో ఫోను.
దాంతోనే ఆవిడ అరిచేతులు ఫోటో తీస్తున్నాను.

వాళ్ళవాడి పని ఆ గుంటల దగ్గరే.
అవ్వ ఇంటిమీది కొత్త రేకులు వాడు పంపిన డబ్బే.
అక్కాచెల్లెళ్ళ మధ్య ఆ మాట గుమ్మందాకా వచ్చి
చెప్పులైనా విప్పకుండా వెనక్కెళ్ళిపోయింది.

"నావీ తియ్యమ్మా" అని చెల్లెలు చేతులు చాపింది.
ఫారం చూశాను. ఊరు, తాలూకా, జిల్లా,
అన్నీ ఇవతలివే, ముందే అచ్చేసి ఉన్నాయి.
"మావైపు ఎవరూ అడగరు" అంది,
ఫిర్యాదులా కాదు,
టైమెంతయిందో చెప్పినట్టు.

తీశాను.
ఏ కవర్లో వెయ్యాలో తెలియక
చాలాసేపు కాయితం మీద పెట్టుకు కూర్చున్నా.
అక్కవి మందం, పసుపు.
చెల్లెలివి పలచన, అడ్డంగా తెల్లటి గీతలు.
ఆ గీతల్ని శిక్షణలో మాకు బొమ్మ గీసి చూపించారు.
బొమ్మలో తిన్నగా, చక్కగా ఉండేవి.

పన్నెండో రోజు సిటీ ల్యాబ్ నుంచి ఫోన్.
కుర్రగొంతు, మర్యాద:
"మేడమ్, బువాఖమ్ కవర్లో ఇరవై గోళ్ళున్నాయి.
రాసింది చేతి గోళ్ళనే కదా. పొరపాటా?
పారేస్తాం, మళ్ళీ పంపుతారా?"

పైన ఎక్కడో వాన పడ్డట్టుంది,
నది ఇటుకరంగులో దిగుతోంది.

"పారెయ్యొద్దు. పది అక్కవి, పది చెల్లెలివి."
"చెల్లెలిది ఏ ఊరు మేడమ్?"
"పైన."
"పైన అంటే ఏ తాలూకా? గడి ఖాళీగా ఉంటే
కంప్యూటర్ తీసుకోదు."

రాసుకో బాబూ అన్నాను,
నీళ్ళొచ్చేవైపు.