మోసకారి లోతు

పలకకి తెల్లరంగు రెండు పూతలూ ఆరాయి.
ఎర్రరంగు డబ్బా మూత ఇంకా తియ్యలేదు.
గొరోన్వి ప్యూ కుంచె చెవి మీద పెట్టుకుని
కౌన్సిల్ వాళ్ళు పంపిన కాగితం చూస్తున్నాడు,
కళ్ళద్దాలతో ఒకసారి, అవి నుదుటి మీదకి నెట్టి ఒకసారి.

ఆయన దగ్గర పనిలో చేరి నాకు ఆర్నెల్లు.
అక్షరాలకి పెన్సిలు గీతలు కొట్టడం, కుంచెలు కడగడం,
టీ కాచడం నా వంతు.
"హెలెద్, పైకి చదువు" అన్నాడు.
చదివాను: జాగ్రత్త. నీళ్ళు డిసెప్టివ్‌లీ షాలో.
కింద వెల్ష్ మాట కోసం రెండంగుళాల ఖాళీ.

"ఇంతకీ లోతా, కాదా?"

లోతే, అన్నాను.
చూపుకి మోకాలి బంటి, దిగితే నిలువు మునక.
ఆయన ఏమీ అనకుండా ఎదురు కొట్లో రొట్టెలు అమ్మే మోర్విద్‌ని కేకేశాడు.
"లోతు లేదనేగా!
పైకి అగాధంలా ఉంటుంది, నిజానికి పిక్కల దాకానే.
కుర్రాళ్ళు తలకిందులుగా దూకి మెడలు విరగ్గొట్టుకోకుండా రాశారు."
ఉత్తరాలు పంచే ఇయెస్టిన్ నా వైపు.
అతని భార్య మోర్విద్ వైపు.
ఆ రాత్రి వాళ్ళింట్లో మాటల్లేవని తర్వాత తెలిసింది.

గ్వెన్‌లియన్ టీచరు నిఘంటువు మోసుకొచ్చింది.
డిసెప్టివ్: విశేషణం. పైకి ఒకలా ఉండి, నిజానికి మరోలా ఉండేది.
"ఒంటరిగా ఉన్నంతసేపు బుద్ధిమంతురాలే ఈ మాట" అంది.
"డిసెప్టివ్ ఎండ అంటే చలి అని అందరికీ తెలుసు.
డిసెప్టివ్ నవ్వు అంటే, మా ఆడపడుచు.
తోకొకటి తగిలించి ఇంకో విశేషణం ముందు నిలబెట్టామా,
రెండు పక్కలకీ తల ఊపుతుంది."
ఏ పక్క నిజమో పుస్తకంలో లేదు.
ఆమె దాన్ని మూసిన చప్పుడుకి రంగు డబ్బా మీది ఈగ లేచింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం గని దగ్గరికి వెళ్ళాం.
పలకరాయి తవ్వడం మానేసి అరవై ఏళ్ళు.
గుంటలో ఊట చేరి
నీలిమందు కలిపినట్టు నీళ్ళు.
అడుగున తుప్పుపట్టిన బండి చక్రం
ఆకు ఆకూ లెక్కపెట్టొచ్చు.
చొక్కా చెయ్యి మడిచి అలా తీసుకోవచ్చు అనిపించింది.
నిజంగానే నా చెయ్యి ముందుకెళ్ళింది.

గొరోన్వి నా మోచెయ్యి పట్టుకున్నాడు.
గట్టిగా. గుర్తులు రెండ్రోజులున్నాయి.
"ఇద్వల్ టోపీ తీసుకోబోయాడు" అన్నాడు.
ఇద్వల్ ఎవరో నేనెప్పుడూ వినలేదు.
సంచిలోంచి తాడు తీశాడు, చివర ఇనుప నట్టు కట్టి ఉంది.
వదిలాడు.
తాడు వెళ్తూనే ఉంది.
మొదటి ముడి, నాలుగో ముడి, నా గీతలన్నిటికంటే తిన్నగా.
చక్రం పక్కన నట్టు ఆనేసరికి
చేతిలో మిగిలింది జానెడు.

షెడ్డుకి తిరిగొచ్చాక
కాగితాన్ని కుంచెలు తుడవడానికి వాడాడు.
పలక మీద ముందు మా భాషలో ఒకే మాట రాశాడు: డూవ్న్.
లోతు. దానికి తోక లేదు.
కింద ఇంగ్లీషు వాళ్ళ కోసం అంకె:
నలభై ఒక్క అడుగులు.
నాలుగు మీద చెయ్యి కాస్త వణికింది, చూస్తే తెలుస్తుంది.

ఆమోదించిన వాక్యం కాదని కౌన్సిల్ సగం డబ్బే ఇచ్చింది.
ఉత్తరంలో చాలా మర్యాద.
"ఇదిగో, డిసెప్టివ్" అని దాన్ని నా ముందు పడేశాడు.

మోర్విద్ ఇప్పటికీ ఒప్పుకోదు.
రొట్టె చుట్టిస్తూ అంటుంది:
"మీ ముసలాయన డిసెప్టివ్‌లీ సాదా మనిషి."
ఏ పక్క ఉద్దేశమో అడగబోయి
చిల్లర లెక్కపెట్టుకుంటాను.