మబ్బు గడువు

గడువు ఈ రాత్రితో సరి అని
ఆర్నెల్ల నుంచి మెయిళ్ళు చెబుతూనే ఉన్నాయి.
ఆర్నెల్ల నుంచి నేను రేపు అంటూనే ఉన్నాను.
వాళ్ళ అర్ధరాత్రి మనకు తెల్లారి ఐదున్నర.
ఆ లెక్క దొరికాక
ఇంకాస్త నిద్రపోయాను.

మూడున్నరకి లేచి కూర్చున్నా.
ఇస్కపల్లిలో ఆ వేళకి మెలకువగా ఉండేది
సముద్రం, కుక్కలు,
మోటారు దగ్గర మా అన్న పెంచలయ్య.
సిగ్నల్ మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు పక్కనే దొరుకుతుంది.
ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్ళో లాప్‌టాప్,
ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఊచకి కట్టిన ఫోను.

ఇరవై ఆరు ప్రశ్నలు.
కాపలా ఎవరూ లేరు, చూసి రాసుకోవచ్చు.
అయినా గుండె పదోతరగతి లెక్కల పరీక్షలాగే కొట్టుకుంది.
రోజూ చేసే పనే,
ఏ సర్వరు ఎప్పుడు అలుగుతుందో నిద్దట్లో చెప్పగలను.
కాని పోయినేడు పేర్లన్నీ మార్చేశారు.
నాకు తెలిసిన బొత్తాం
ఇంకో మెనూ కింద కాపరం పెట్టింది.
ఇంటిపేరు మారిన స్నేహితురాలిని
ఓటరు లిస్టులో వెతుక్కున్నట్టు వెతుకుతున్నా.

పదిహేడో ప్రశ్న:
ఒక ప్రాంతం మొత్తం కూలిపోతే
మీ సరుకు ఎక్కడ భద్రం?
నాలుగు జవాబులు. రెండు నిజంలాగే ఉన్నాయి.

దక్షిణాన, కృష్ణపట్నం వైపు, ఒక మెరుపు.
చప్పుడు లేదు.

ఏప్రిల్లో మెరుపేంది?

"అమ్మణ్ణీ! మబ్బు దిగతా ఉండాది,
పట్ట పట్టుకోను మనిషి లేడు, రా!"

మా ఇంట్లో మబ్బు అన్నది తిట్టు.
నాయన ఆ మాటే ఎత్తేవాడు కాదు, 'అది' అనేవాడు.
'అది వస్తుండాదా' అని
ఆకాశాన్ని కాదు, గట్టు మీద చీమల్ని అడిగేవాడు.
మొదటి సర్టిఫికెట్టు తెచ్చి
నాకు మబ్బులో ఉద్యోగం అన్న రోజు
వదిన కామాక్షమ్మ నవ్వాపుకోలేక
చెంగు నోట్లో కుక్కుకుంది.
"ఉప్పోళ్ళ ఇంట పుట్టి
పోయి పోయి దాని దగ్గరా కొలువు!"

గడియారం పన్నెండు నిమిషాలు చూపిస్తోంది.
మూత వెయ్యకుండానే ట్యాంకు కిందికి తోసి
మెట్లు దిగి పరిగెత్తాను.

కుప్పలు చీకట్లో
మోకాళ్ళ మీద తల పెట్టుకు కూర్చున్న మనుషుల్లా ఉన్నాయి.
గాలి పట్టని ఎగదన్నింది.
నేనో కొస, అన్నో కొస.
వదిన ఇసుక బస్తాలు ఈడ్చింది.
మూడో కుప్పకి పట్ట చాల్లేదు,
పాత తాటాకులు కప్పాం, సగానికి.
చినుకులు పెద్దవి,
మొదట్లో లెక్కపెట్టగలిగినన్ని.
కాళ్ళ కింద మడి మెత్తబడింది.
పుష్యమాసంలో పదిహేను రోజులు
వీళ్ళిద్దరూ తొక్కి తొక్కి గట్టిచేసిన మడి.
"మళ్ళీ తొక్కాలా?"
"ఏటేటా తొక్కేదే గదా" అన్నాడు అన్న,
సగం కుప్ప కరిగిపోతుంటే
చొక్కా జేబులో బీడీ తడుముకుంటూ.

పైకొచ్చేసరికి
సమయం అయిపోయింది. యాభై మూడు శాతం.
ఇంకొక్కసారి ఇప్పుడే రాయొచ్చు,
అదీ తప్పితే ఒక రోజు ఆగాలి.
నాకున్నవి నలభై నిమిషాలు.
వదిన గొడుగు పట్టుకు నిలబడింది,
నాకు కాదు, లాప్‌టాప్‌కి.

అదే ప్రశ్న మాట మార్చి వచ్చింది.
ఒక ప్రాంతం మొత్తం కూలిపోతే...
ఈసారి తడబడలేదు.
మూడు కుప్పలూ ఒకే గట్టున పోసిన మా అన్న
ఈ ప్రశ్న తప్పుతాడు.

ఐదూ పన్నెండుకి ఆకుపచ్చ టిక్కు.
"ఎన్నేళ్ళకి?"
"ఏడాదికే."
"ఓస్, అంతేనా" అంది వదిన గొడుగు దులుపుతూ,
"దీనికా ఇంత తడిసింది?"

కింద అన్న
బొక్కెనతో మడిలో నీళ్ళు తోడుతున్నాడు.
ఎంటర్ బొత్తాం కింద ఉప్పురవ్వ ఒకటి ఇరుక్కుంది,
నొక్కినప్పుడల్లా కరకరమంటోంది.
రేపు చూద్దాంలే అనుకున్నా.